నిమ్మగడ్డి నీళ్ల కిటికీ

మా ఆయనకు సాలీడంటే భయం. చీకటికీ పాముకూ వెరవని మనిషి, అరచేయంత సాలీడు స్నానాలగది గోడ మీద కదిలితే సబ్బు నురగతోనే బయటికి వచ్చేస్తారు. ఉద్యోగాల వల్ల ఏళ్లపాటు ఆయన విజయనగరంలో, నేను అరకులోయలో ఉన్నాం. ఇంటి నుంచే పని చేసుకునే వీలు దొరికి ఆయన కొండెక్కి వచ్చాక, ఇకనైనా ఒక్కచోట ఉంటామా లేదా అన్నది ఒక సాలీడు చేతిలో పడింది.

“అదుంటే నేనుండను. నెలాఖరుకి ఎల్లిపోతాను,” అన్నారు.

సంతలో సలహాలకు కొదవ లేదు. వాము పొగ వేయమన్నారొకరు, నారింజ తొక్కలు పరచమన్నారొకరు, పొగాకు నీళ్లు చల్లమన్నారు మరొకరు. నేను జీవశాస్త్రం చెప్పే టీచరును, ఎవరేం చెప్పినా “మీరు చూశారా?” అని అడుగుతాను. చూసినవారు ఎప్పుడూ వేరే ఎవరో, సాధారణంగా పక్క ఊళ్లో ఉండే మేనత్త.

పక్కింటావిడ మాత్రం తడుముకోలేదు. తన పెరట్లోని నిమ్మగడ్డి కోసి తెచ్చి, “మరగబెట్టి కిటికీకి కొట్టు టీచరమ్మా. దోమ రాదు, సాలీడు రాదు,” అంది.

“నువ్వు చూశావా అక్కా?”

“ఏటి సూసేది? రానిదాన్ని ఎలగ సూత్తాను?”

ఆ తర్కాన్ని పరీక్ష పెట్టి తేల్చుకోవాలనుకున్నాను. రెండు పిచికారీ సీసాలు తీసుకున్నాను. ఒకదానిలో నిమ్మగడ్డి కషాయం, రెండోదానిలో మామూలు నీళ్లు. ముందు కిటికీకి ఒకటి, వెనక కిటికీకి ఒకటి. ఏ సీసాలో ఏముందో నాకు తెలియకూడదని, నింపే పని ఆవిడకే అప్పగించాను. ముందు కిటికీ దగ్గర మీట నొక్కగానే ఇల్లంతా నిమ్మగడ్డి గుప్పుమంది. నా గోప్యత అక్కడితో సమాప్తం. మా ఆయన నవ్వి నవ్వి కుర్చీలోంచి జారిపోయారు.

కొన్నాళ్లు చల్లాక చూస్తే, సాలీడు నిమ్మగడ్డి కొట్టిన చట్రం మీదే కాళ్లు బారజాపుకొని ఉంది. దానికి ముక్కు ఉండదనీ, కాళ్ల మీది రోమాలతోనే వాసన పడుతుందనీ వివరించాను.

“అయితే కాళ్లారా పీలుస్తోందన్నమాట,” అన్నారాయన.

నవ్వుతూనే అన్నారు గానీ, ఆ సాయంత్రమే తన ఖాళీ చెక్కపెట్టె తెచ్చి ఆ ముందు కిటికీ కిందే పెట్టారు. ఆదివారం బట్టలు సర్దుకుంటానన్నారు. నేను టీ పెట్టే మిషతో వంటింట్లోకి వెళ్లి, చాలాసేపు అక్కడే ఉండిపోయాను. చల్లడం మాత్రం మానలేదు.

కాఫీ తోటలు పూసిన రోజులవి. పెట్టెకు తాళం ఊడిన కన్నంలోకి తేనెటీగలు ఒకటీ అరా వచ్చిపోతుంటే, పూల కోసం తిరుగుతున్నాయనుకున్నాను. ఆదివారం పొద్దున ఆయన పెట్టె మీద చేయి వేయబోతుండగా, కిటికీలోంచి ఒక మేఘమే గుయ్యిమంటూ లోపలికి వచ్చింది. దాని వెంటే పక్కింటావిడ పెరటి గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చింది.

“తేనీగలు! నీళ్ల గదిలోకి పద టీచరమ్మా, బేగి!”

ముగ్గురం స్నానాలగదిలో దూరి గడియ వేసుకున్నాం. అప్పుడు గుర్తొచ్చింది నాకు: తేనెటీగలు తోటివాటిని పిలవడానికి విడిచే వాసనలోని కొన్ని పదార్థాలు నిమ్మగడ్డిలోనూ ఉంటాయి. ఆ మాట పైకే అన్నాను.

“పురుగుల్ని తోలమంటే పేరంటానికి పిలిచిందండీ మా ఆవిడ,” అన్నారాయన.

“మరి నీ సదువంతా ఏటి సేత్తంది టీచరమ్మా?” అని ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఒక్క గుంపుతో ఏదీ రుజువు కాదు,” అన్నాను. ఇద్దరూ మరింత నవ్వారు.

అంతలో ఆయన నవ్వు ఆగింది. ఎదుటి గోడ మీద సాలీడు ఉంది. అదేనో, మరొకటో నిర్ధారించలేను. బయట తేనెటీగలు, లోపల అది. ఆయన గడియ మీద చేయి వేశారు, తీయలేదు. అది కదల్లేదు. ఆయనా కదల్లేదు. గోలంతా సద్దుమణిగేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

తలుపు తీసి చూస్తే, తేనెటీగలు వరుసగా పెట్టె కన్నంలోకి వెళుతున్నాయి.

“పొగెట్టి తోలెయ్యనా బాబూ? మీకు పెట్టె కావాల కదా,” అంది పక్కింటావిడ.

ఆయన ఒకసారి గోడ వైపు, ఒకసారి నా వైపు చూశారు.

“ఉండనియ్యండి. బట్టలు బీరువాలోనే బాగున్నాయి.”

మర్నాడు స్నానానికి వెళుతూ గుమ్మం దగ్గర ఆగారు. “ఇయ్యాల ఏ గోడ మీదుందో కాస్త చూసి చెప్పు.”

చూసి చెప్పాను. బకెట్టును రెండో గోడ వైపు జరుపుకొని, ఆయన గడియ వేసుకున్నారు.