వేర్లు లేని గడ్డికి నీళ్ళు

ఆ రోజుల్లో నాకు తెలిసిన ఆటస్థలాలు రెండే. ఒకటి గద్వాలలో మా ఇంటర్ కాలేజీ వెనకున్న ఎర్రమట్టిది, రెండోది టీవీలో కనిపించే నీలిరంగుది. మొదటిదానిలో రాళ్ళు ఏరిపారేసి ఆడుకునేవాళ్ళం. రెండోదాన్ని కలలో కూడా తొక్కలేదు. ఇప్పుడు పాప నిద్రపోయాక, గ్యాస్ కట్టేశానో లేదో రెండుసార్లు చూసొచ్చి (నిజం చెప్పాలంటే మూడుసార్లు) ఇది రాస్తుంటే, హాకీ కర్ర పట్టుకుని బంతి వెనక దూకుతూ పరుగెత్తిన ఆ పిల్ల నేనేనా అని నాకే అనుమానం వస్తోంది.

మా స్థలంలో బంతి మనం కొట్టిన వైపు పోయేది కాదు, రాయి చెప్పిన వైపు పోయేది. ఒకసారి నాగర్‌కర్నూల్ జట్టుతో ఆడుతుంటే అది తుమ్మపొదలో దూరింది. రెండు జట్లవాళ్ళమూ కలిసి వెతికాం, అది దొరికేలోపు స్నేహితులమైపోయాం. అయినా ఆ ఆటలోనే ఎవరికో నా పరుగు నచ్చి, హైదరాబాద్‌లో వేసవి శిక్షణకు ఎంపిక చేశారు. షేర్ ఆటోలో సగం లోపల, సగం బయట కూర్చుని ధరూర్ దగ్గరి మా ఊరికి ఎగురుకుంటూ పోయి చెబితే, విత్తనానికి పల్లికాయ ఒలుస్తున్న మా నాయన తలైనా ఎత్తలేదు.

"కట్టెలు పట్టుకొని ఉరుకుడు ఏం ఆటనే? మూతికి తగిలి పండ్లు రాల్తె ఎట్ల?"

(మా వైపు దంతాలను పండ్లనే అంటాం. ఆ ఒక్క మాటే నా కొంప ముంచబోయి, ఆఖరికి దాన్నే నిలబెట్టింది.) పక్కనే ఉన్న మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, "పండ్లు పోతె బతుకు ఎట్లుంటదో నన్నడుగు పిల్లా" అంటూ నోట్లోంచి కట్టుడు పళ్ళు తీసి నా ముందు ఆడించింది. అంతకుమించిన సాక్ష్యం ఇంకేం కావాలి?

ఏడుపు మొహంతో కాలేజీకి పోతే మా ఆటల మేడమ్ నవ్వింది. "వచ్చే ఆదివారం పట్నంల ఆడపిల్లల పెద్ద ఆట ఉంది. మీ నాయనను తీస్కపోయి సూపియ్యి. కండ్లతోని సూస్తె ఆయనే పంపుతడు" అంది. నేను నాయన వెంటపడ్డాను. బోరు మోటారు సామాను ఎలాగూ పట్నంలోనే దొరుకుతుంది, శనివారం రాత్రి మేనత్త ఇంట్లో పడుకోవచ్చు అని ఊదరగొట్టాను. కూతురి ఇల్లు అనగానే అవ్వ కూడా సంచి సర్దింది. సంచి నిండా ఉప్పేసి ఉడకబెట్టిన పల్లికాయ. ఆ వారమంతా నాకు ఒకటే పని. ఏ ఆటగత్తె ఎక్కడ నిలబడుతుంది, గోల్ ఎప్పుడు లెక్కకు వస్తుంది, అన్నీ నాయనకు ఎలా చెప్పాలో అద్దం ముందు సాధన చేశాను. ఆయనకు ఆట నచ్చితే వేసవికి పట్నం, నచ్చకపోతే పల్లిచేను. నా బతుకంతా ఆ గంటన్నర మీదే ఆధారపడినట్టు ఉండేది.

బస్సు బీచుపల్లి చేరగానే అవ్వ లేచి నిలబడింది.

"ఓ కండక్టర్ సారూ, జర ఆపు నాయనా, సామికి టెంకాయ కొట్టొస్త."

"ఇది ఎక్స్‌ప్రెస్ అవ్వా, ఈడ ఆగదు."

"ఎక్స్‌ప్రెస్ అయితె ఏంది? ఆంజనేయసామి కన్న బిరబిర పోతదా?"

బస్సంతా నవ్వింది గానీ ఆగలేదు. అవ్వ కిటికీలోంచి కృష్ణమ్మకు ఒక నాణెం విసిరి, వెనక్కి పోతున్న గుడి వైపు దండం పెట్టి, డ్రైవర్‌కు కూడా వినపడేలా మొక్కింది: "సామీ, నువ్వు గద పట్టినోనివి, నా మనుమరాలు కట్టె పట్టింది. దాని పండ్లు జర పైలంగ సూడు!" బస్సులో అందరూ తిరిగి నా పళ్ళ వైపు చూశారు. జడ్చర్ల దాటేదాకా నేను నోరు తెరిస్తే ఒట్టు.

ఆదివారం పొద్దున స్టేడియం మెట్లెక్కి పైకి రాగానే నాయన భుజం పట్టి లాగాను. టీవీలోని నీలం కళ్ళెదురుగా! నాయన చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "గడ్డి నీలిగైంది. మందెక్కువ కొట్టినట్టున్నరు" అన్నాడు. నేను చెప్పబోయేలోపు నాలుగు పక్కల నుంచీ పైపులు బుస్సుమని లేచి నీళ్ళు చిమ్మడం మొదలుపెట్టాయి.

"అగో! మోటరు బందు చేసుడు మర్సిండ్రు!" అంటూ నాయన పంచె ఎగ్గట్టి మెట్లు దిగి కంచె దగ్గరికి ఉరికాడు. నేను ఆయన వెనక. అవ్వ పైనుంచి "ఉరకకురా కొడుకా, జారుతవ్!" అని కేక.

కంచె దగ్గర కాపలా మనిషి నవ్వుతూ ఆపాడు. "పరేషాన్ కాకు పెద్దాయనా. ఆటకు ముందుగాల నీళ్ళు పెట్టాలె. గది ప్లాస్టిక్ గడ్డి."

నాయన జాలీలోంచి వేళ్ళు దూర్చి గడ్డి పీకి చూశాడు, రాలేదు. ఇంకోసారి పీకాడు. నా వైపు తిరిగిన ఆ ముఖం నేను ఎప్పటికీ మరచిపోను.

"వేర్లు లేవు బిడ్డా! వేర్లు లేని గడ్డికి గిన్ని నీళ్ళా? ఆడ మన బోరేమో గాలి కక్కవట్టె!"

తడి ఉంటేనే బంతి సాఫీగా ఉరుకుతుందని, పడినా మోకాళ్ళు చెక్కుకుపోవని ఎంత చెప్పినా ఆయన వినలేదు. ఆ నీళ్ళు ఎగిరి వంగి పడే తీరునే చూస్తున్నాడు, పెళ్ళికొడుకు ఊరేగింపు చూసినట్టు.

ఆట మొదలైంది. బంతి నీళ్ళను చీల్చుకుంటూ పోతుంటే నాకు కూర్చోవడం చేతకాలేదు. మా రాళ్ళ మీద నెలల తరబడి రాని దెబ్బ అక్కడ పిల్లలు కళ్ళు మూసుకుని కొడుతున్నారు. "సూడు నాయినా, సూడు!" అని ఆయన భుజం ఊడేలా కుదుపుతున్నాను. మొదటి విరామానికి ఆటగత్తెలు మా ముందున్న బెంచీ దగ్గరికి వచ్చి, నీళ్ళు తాగడానికి ఒక్కొక్కరే నోట్లోంచి పళ్ళ తొడుగులు తీశారు. అంతే, అవ్వ పెట్టిన కేకకు వాళ్ళు నీళ్ళు తాగడం మానేసి పైకి చూశారు.

"అయ్యయ్యో! అందరియి కట్టుడు పండ్లేరా కొడుకా! గింతగింత పిల్లలు, ఒక్కదానికన్న సొంత పన్ను లేకపాయె!"

నాయన ముఖం మాడిపోయింది. అవి తొడుగులని నేను ఎంత అరిచినా అవ్వ ఏడుపులో ఎవరికీ వినపడలేదు. ఇంతలో ఆట మళ్ళీ మొదలై, గోల్ పడింది. నేను అన్నీ మరచిపోయి ఎగిరి గంతేశాను. అవ్వ సంచి ఎగిరి, పల్లికాయ అంతా ముందు వరసలోని పెద్దమనిషి తల మీద వానలా కురిసింది. ఆయన ఒళ్ళో పడినదాన్ని ఒలుచుకుని నోట్లో వేసుకుని, "ఉప్పు మంచిగ వట్టింది" అన్నాడు.

సగం ఆటకు మళ్ళీ నీళ్ళు పెట్టారు. నాయన మళ్ళీ కంచె దగ్గరికి. అంతే, ఇక పైకి రాలేదు. చివరి గోల్‌కు స్టేడియమంతా లేచి అరుస్తుంటే, నా ఆట చూడటానికి గద్వాల నుంచి తెచ్చుకున్న మనిషి ఆటకు వీపు పెట్టి, కాపలా మనిషితో పైపు ఎన్ని ఇంచులని మాట్లాడుతున్నాడు. నా పల్లిచేను నా కళ్ళ ముందు కనిపించింది.

తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాను. చాలా దూరం వచ్చాక నాయన అడిగాడు.

"గా నీళ్ళు ఆట ఉన్నప్పుడల్ల పెడ్తరా?"

"పెడ్తరు."

"నువ్వు పోతె, నీ ఆటకు సుత పెడ్తరా?"

నేను తల ఊపాను. ఆయన ఒళ్ళో ఉన్న మోటారు సామాను సర్దుకుని, బయటి బీడు భూముల వైపు చూస్తూ అన్నాడు. "నీళ్ళు ఊకెనే ఎవ్వరు పెట్టరు బిడ్డా. ఏదో పండుతదనే పెడ్తరు. పో."

"మరి పండ్లురా?" అంది అవ్వ.

"నేను పండేది చెప్తుంటె నీకు పండ్ల లొల్లేందమ్మా! అవి తొడుగులంట, గా కాపలాయన చెప్పిండు."

ఆ రాత్రి బీచుపల్లి దగ్గర కృష్ణమ్మలోకి నాణెం విసిరింది నేను.

నేను గొప్ప ఆటగత్తెనేమీ కాలేదు. డిగ్రీ అయ్యేదాకా ఆడాను, అందులో సగం కాలం బెంచీ మీదే. కానీ ఆటకు ముందు నీళ్ళు లేచినప్పుడల్లా జట్టంతా పక్కకు తప్పుకుంటే నేను మాత్రం కావాలని తడిసేదాన్ని.

ఇప్పుడు వనపర్తిలో మా వాకిట్లో నా కూతురు చీపురు తిరగేసి నిమ్మకాయను కొడుతూ ఉరుకుతుంటే, "పడతావ్, ఆగు, మూతికి తగులుతుంది" అని అరిచే గొంతు నాదే. మొన్న నాయన వచ్చినప్పుడూ అలాగే అరుస్తున్నాను. ఆయన కుర్చీలోంచి లేచి, బకెట్ నింపుకొచ్చి, పిల్ల ఉరికే మేర వాకిలంతా మగ్గుతో నీళ్ళు చల్లాడు.

"దుమ్ము లేస్తది కద" అన్నాడు, నా వైపు చూడకుండానే.

నేను అరుపు మింగేసి, ఇంకో బకెట్ పట్టుకొచ్చాను.