మా అంగడి కాగితం కోసం మూడు జిల్లాలు

బేస్తవారం అంగడి పోతే నా మిర్చిబజ్జీల పొయ్యి ఆరిపోతుంది. నేను యాత్రకు బయలుదేరింది అందుకే. పుణ్యం కోసం పోయేవాళ్లు వేరే ఉన్నారు.

మా ఊరు తుమ్మలదొడ్డి, గద్వాల దగ్గర. తాతల నాటి నుంచి వారం వారం సంత మా ఊళ్లోనే. ఈమధ్య పక్క ఊరు రాళ్లదిన్నెకు వెడల్పు రోడ్డు పడింది. రోడ్డొచ్చిన ఊరికి పక్కవాళ్ల సంత కూడా కావాలనిపిస్తుంది కదా. తహసీల్ ఆఫీసులో అర్జీ పెట్టారు. అక్కడి పెద్దసారు రెండు ఊళ్లనూ పిలిచి, "వనపర్తి సంస్థానం నాటి కాగితం ఏం చెబితే అదే ఖాయం, తెచ్చి చూపండి" అని లేచి వెళ్లిపోయాడు. ఆయనకు భోజనం వేళయింది.

అంగడి రాళ్లదిన్నెకు పోతే మేమూ పోవచ్చు కదా అంటారేమో. అక్కడ రోడ్డు పక్క దుకాణాల మడిగెలన్నీ ఆ ఊరి పెద్ద నర్సింహారెడ్డి చుట్టాలవే. మాకు పొయ్యి పెట్టుకునే జాగా కూడా దొరకదు.

నేను ఆరో తరగతిలోనే బడి మానేశాను. బడి కూడా నా కోసం ఏమంత ఏడవలేదు. సంస్థానం కాగితాలేమో ఉర్దూలో ఉంటాయట. అందుకే ఉర్దూ వచ్చిన ఖాజామామను వెంటబెట్టుకున్నాను. నా పొయ్యి పక్కనే ఆయన గాజుల దుకాణం. "ఈ వయసుల కొత్త జాగకు పోయి గాజులు కొనుండ్రని ఎవర్నడగాలె అల్లుడా?" అని రాత్రంతా నిద్రపోలేదట.

పొద్దున గద్వాల బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని తిన్నాం. పక్కన పెట్టిన బజ్జీ నా బజ్జీకంటే పెద్దది, రుచి మాత్రం టికెట్ లేకుండా ఎక్కడికో వెళ్లిపోయింది. ఏడింటికి వనపర్తి బస్సు. మా బస్సుల్లో ఇప్పుడు ఆడవాళ్లకు టికెట్ లేదు, మగవాళ్లకు సీటు లేదు. దొరికిన ఒక్క కిటికీ సీట్లో ఎవరున్నారనుకున్నారు? రాళ్లదిన్నె నర్సింహారెడ్డి. అర్జీలో మొదటి సంతకం ఆయనదే.

"యాడికి పటేలా, పొద్దుపొద్దున్నే?" అన్నాను.

"మోకాలు నొస్తుంది. వనపర్తి దవాఖానకు. నువ్వేందిరా కుర్మిగా?"

"మామకు గాజులు కావాలె."

"గద్వాలల గాజులు దొరకవా?"

"గద్వాలల మోకాళ్లు చూడరా?"

దవాఖానకు పోయే మనిషి చేతిలో మందుల చీటీ లేదు, ఖాళీ ఫైలుంది. బీచుపల్లి దగ్గర కృష్ణ మీదికి రాగానే కళ్లు మూసుకుని రూపాయి బిళ్ల విసిరాడు. పెబ్బేరు దాకా తన ముత్తాత గొప్పలు వినిపించాడు. "మా ముత్తాత సంస్థానం కాలం పటేలు. ఆయన చెయ్యి పడకుంటె మా ఊర్ల ఏ పనీ కాకపోతుండె." ఖాజామామ భక్తిగా తలూపాడు. బస్సు కుదుపులకు నా తల కూడా ఊగింది.

వనపర్తిలో ముందు రాజుగారి భవనానికి పోయాం. అదిప్పుడు కాలేజీ. గేటు దగ్గరి మనిషి మమ్మల్ని ఎగాదిగా చూసి, "రాజుల కాగితాలా? ఈడ పిలగాండ్ల హాల్‌టికెట్లే ఉంటయి" అన్నాడు. అక్కణ్నుంచి ఒక ఆఫీసుకు. పేరు చెప్పను, మళ్లీ పోయే పని పడొచ్చు. అక్కడి ఉద్యోగి ఫోన్‌లోంచి తలెత్తకుండానే చరిత్ర చెప్పేశాడు: "జిల్లాలు ముక్కలైనంక కాగితాల బస్తాలు గూడ ముక్కలైనయి. మీ బస్తా యాడ పడ్డదో మాకు తెల్వదు. నాగర్‌కర్నూల్‌ల ఒక వకీలు సాబు పాత కాగితాలు జమ చేస్తుండు, ఆడికి పోండ్రి."

మేం దిగుతుంటే నర్సింహారెడ్డి అవే మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ ఎదురయ్యాడు. వనపర్తి దవాఖాన మంచిదని అప్పుడే నమ్మాను.

గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూల్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మీరు పోతే బస్టాండులో తిని మరీ పోండి, వకీలు సాబు ఇంట్లో కాగితాలు తప్ప ఏమీ పెట్టరు. వాళ్ల తాత సంస్థానంలో మున్షీ. ఒక గది నిండా కట్టలు, వేపాకు వాసన. కట్టల మీది తెలుగు చీటీలు వాళ్ల నాయన కట్టిపోయినవి. "నేను జమ చేసేటోన్నే, సదివేటోన్ని కాదు" అని సాబు ముందే చెప్పేశాడు. 'అంగళ్లు, తగాదాలు' అనే కట్ట విప్పుతుండగా నర్సింహారెడ్డి కూడా ఆయాసపడుతూ వచ్చి కూర్చున్నాడు.

"మోకాలెట్లుంది పటేలా?"

"గాజులు దొరికినయా?"

ఖాజామామ చదవడం మొదలుపెట్టాడు. కుమ్మరి గాడిద ఎవరి జొన్నచేనో మేసింది. గాడిదను బంధించారు, చేను గలాయన్నే దానికి మేత పెట్టమన్నారు. అమ్రాబాద్ అడవి దిక్కునుంచి వచ్చిన పులి ఒకాయన దూడను తింటే, నష్టపరిహారం ఇప్పించమని అర్జీ. పైనుంచి జవాబు: పులి ఏ హద్దులోదో విచారించి రాయవలెను. విచారించడానికి ఎవరు వెళ్లారో, వెళ్లినవాళ్లు తిరిగొచ్చారో లేదో, ఆ కాగితం లేదు. దొరలు మారారు, సర్కార్లు మారాయి, జవాబు మాత్రం నిన్న రాసినట్టే ఉంది.

ఆ కిందే మా ఊరి పేరొచ్చింది. మామ గొంతు సవరించుకుని తెలుగులో చెప్పాడు: "రాళ్లదిన్నెల గత్తర ఉన్నది. గత్తర తగ్గేదాంక ఆ ఊరి అంగడిని తుమ్మలదొడ్డిల పెట్టాలె."

గత్తరంటే కలరా. ఆ రోజుల్లో ఊళ్లను ఊడ్చేసిన జబ్బు. అంటే అంగడి అసలు వాళ్లదే, మాది నాలుగు రోజుల ముచ్చట. నర్సింహారెడ్డి తొడ చరుచుకోబోయి నొప్పి మోకాలినే చరుచుకున్నాడు. అది నొప్పి పెట్టలేదు. ఊరికి ఫోన్ చేసి, "డప్పులు తయారు పెట్టుండ్రి!" అని అరిచాడు. కాగితం మామ చేతిలోంచి లాక్కుని జిరాక్స్ తీయించాడు. ఆనందంలో మా కాపీకీ తనే డబ్బులిచ్చాడు.

సాయంత్రం తిరుగు బస్సులో మాకూ సీట్లు ఆపాడు. ఓడినవాళ్ల మీద జాలి మెత్తటి పరుపులాంటిది. నేనేమో పొయ్యి ఎక్కడికి మార్చాలి, ఆ నూనె గంగాళం ఎవరు కొంటారు అని ఆలోచిస్తున్నాను. మామ మాత్రం కాగితాన్ని కంటికి దగ్గరగా, దూరంగా పట్టుకుని చూస్తూనే ఉన్నాడు. వనపర్తిలో గద్వాల బస్సులోకి మారి కూర్చున్నాక నా మోచేయి పొడిచాడు.

"అల్లుడా, ముద్ర కింద ఇంకో లైనుంది. పటేలు గుంజుకపోయిండు గని, ఆడ సదవనే లేదు."

"ఏముంది?"

"గత్తర తగ్గినంక ఆ ఊరి పటేలు తగ్గిందని రాసి పంపాలె. రాత అందేదాంక అంగడిని కదపొద్దు."

నేను నర్సింహారెడ్డి వైపు తిరిగాను. "పటేలా, గత్తర తగ్గిందని మీ ముత్తాత రాసి పంపిండా?"

"ఏం రాసుడు? తగ్గింది గద! కండ్లు లేవా నీకు?"

"నా కండ్లు పనికిరావు. పటేలు రాయాలెనట. ఆయన చెయ్యి పడకుంటె మీ ఊర్ల ఏ పనీ కాదంటివి."

"అయితే ఇప్పుడు నేను రాస్త."

"నువ్వు ఉత్త పిలుపుకే పటేలువు. పటేళ్లను సర్కారు ఎన్నడో తీసేసింది. ఇగ రాసేటోడు లేడు."

మామ జరిగి కూర్చుని, కండువా మూతికి అడ్డం పెట్టుకున్నాడు. "జర దూరం కూసో పటేలా. సర్కారు లెక్కల మీ ఊర్ల గత్తర ఇంక పోలేదు."

ముందు సీటులోని ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూసి బిడ్డలను దగ్గరికి లాక్కున్నారు. నర్సింహారెడ్డి తన కాపీని మూడుసార్లు తిప్పి చూశాడు. ఉర్దూ ఏ వైపునుంచి చూసినా ఆయనకు ఒకటే. ఊరి నుంచి ఫోనొచ్చింది, ఎత్తలేదు. డప్పులవాళ్లయి ఉంటారు. బీచుపల్లి బ్రిడ్జి మీద కిటికీలోంచి కృష్ణలోకి అదోలా చూశాడు. పొద్దున వేసిన రూపాయి వాపసు అడుగుతాడేమో అనుకున్నాను.

మూడు జిల్లాలు తిరిగాక నాకు అర్థమైంది ఇది: మా ఊరి గొప్పేమీ లేదు. ఒక పెద్దమనిషి బద్ధకం మీద మా అంగడి నాలుగు తరాలుగా నడుస్తోంది. రాజులు కట్టించిన కోటలకంటే ఆయన రాయని ఒక్క ముక్క గట్టిగా నిలబడింది. పెద్దసారు మాట మీద నిలబడితే, మా తరమూ దాని మీదే నడుస్తుంది.

చీకటి పడ్డాక గద్వాలలో దిగాం. నర్సింహారెడ్డి నాలుగడుగులు వేసి ఆగాడు. ఈసారి నిజంగానే కాలు లాగుతున్నట్టుంది.

"కుర్మయ్యా," అన్నాడు. కుర్మిగాడు బస్సులోనే మిగిలిపోయాడన్నమాట. "బేస్తారం వస్త. ఉల్లిగడ్డ జర ఎక్కువెయ్యి."

"వేస్త పటేలా. మూతికి గుడ్డ కట్టుకొని రా."