అమ్మ తొందరపడి ఇచ్చిన రొట్టె

మా చిన్నప్పుడు... ఇందుకూరుపేటలో మా ఇంట్లో తిరగమోత పెట్టాలంటే ముందు తమ్ముణ్ణి బయటికి పంపించాలి.

ఆవాలు చిటపటమంటే వాడు చెవులు మూసుకుని తల గోడకు కొట్టుకునేవాడు. అందుకని నాయన వాణ్ణి భుజాన ఎక్కించుకుని పొలానికి బయల్దేరేవాడు. వాళ్లు వీధి మలుపు తిరిగారని నేను గడపలోంచి చెప్పాకే అమ్మ నూనె కాచేది...

తమ్ముడి పేరు పెంచలయ్య. నాకంటే నాలుగేళ్లు చిన్న. ఆరేళ్లు వచ్చినా మాట లేదు. పిలిస్తే తిరిగి చూడడు. కానీ నెల్లూరు బస్సు వస్తున్న చప్పుడు మా అందరికంటే ముందు వాడికే వినిపించేది. మజ్జిగన్నం తప్ప ఇంకేదీ ముట్టడు. పొద్దస్తమానం అరుగు మీద చింతగింజలు వరసగా పేర్చేవాడు. ఎవరి కాలైనా తగిలి ఒక్క గింజ జరిగిందంటే ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం లేదు.

అవి పంతొమ్మిది వందల అరవై దాటిన రోజులు. అప్పుడు మాకు దానికో పేరు తెలియదు. కొందరు మొద్దు అన్నారు, కొందరు గాలి సోకిందన్నారు. నెల్లూరులో డాక్టరు చెవులు చూసి, నాలుక చూసి, పెద్దయితే మాటలొస్తాయని పంపించేశాడు.

అమ్మా నాయనా కలిసి ఒక పెళ్లికి వెళ్లడం నేను చూడలేదు. ఒకరు వెళితే ఇంకొకరు వాడి దగ్గర. ఒకరు తింటుంటే ఇంకొకరు వాడి వెనక నిలబడి ఉండేవారు. ఇద్దరూ పోట్లాడుకోవడం కూడా తక్కువే... దానికీ ఓపిక ఉండాలి కదా.

మా వీధి చివర బట్టలు కుట్టే మస్తాన్‌బీ ఉండేది. రొట్టెల పండగకు రమ్మని అమ్మను పిలిచింది ఆమే. మొహర్రం నెలలో, నెల్లూరు చెరువులో... కోరిక ఉన్నవాళ్లు నీళ్లలో నిలబడి, అదే కోరిక తీరినవాళ్ల చేతి రొట్టె తీసుకుని తినాలి. తమ కోరిక తీరిన ఏడు తామే రొట్టె చేసుకుపోయి ఇంకొకరికి ఇవ్వాలి.

మొదటి ఏడు అమ్మతో నేనూ వెళ్లాను. మోకాటి లోతు నీళ్లు. "ఉద్యోగం రొట్టె! పెళ్లి రొట్టె!" అని చుట్టూ అరుస్తున్నారు.

"మాటల రొట్టె ఎవురి కాడన్నా ఉండాదా అమ్మా?" అని అమ్మ అడిగింది.

"మాటలా! మా ఇంటాయన కాడ బోలెడుండాయి. నోరు మూసే రొట్టె ఉంటే నాకు చెప్పక్కా," అందొకామె. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. అంతలో ఒక ముసలామె, మనవడికి ఆలస్యంగా మాటలొచ్చాయట, వచ్చి రొట్టె తుంచి ఇచ్చింది.

అలా మూడేళ్లు తీసుకుంది.

నాలుగో ఏడు పండగకు పది రోజులుందనగా, మధ్యాహ్నం పూట పెంచలయ్య కుండ ముందు నిలబడి "నీళ్లు" అన్నాడు. స్పష్టంగా. అమ్మా విన్నది, నేనూ విన్నాను. మర్నాడు మళ్లీ అన్నాడు. ఈసారి నాయన కూడా విన్నాడు.

అమ్మ మస్తాన్‌బీ దగ్గర గోధుమ పిండి అడిగి తెచ్చింది.

"ఒక్క మాటేగదా. వచ్చే ఏడు దాకా చూద్దాం," అన్నాడు నాయన.

"తీరిందాన్ని తీరలేదని మళ్లా చెయ్యి చాపమంటావా? ఆ ఉండే మాట కూడా పోతే?"

మా ఇంట్లో గోధుమ రొట్టె చేయడం అదే మొదలు. గుండ్రంగా రాలేదు.

చెరువులో, బిడ్డను చంకనేసుకున్న ఒక పిల్ల ఆ రొట్టె అందుకుంది. "మీవోడు ఏమన్నాడక్కా?" అని అడిగింది. "నీళ్లన్నాడమ్మా," అంది అమ్మ. ఆ పిల్ల రొట్టె కళ్లకద్దుకుని తిన్నది.

ఆ తర్వాత పెంచలయ్య ఆ మాట మళ్లీ అనలేదు.

అమ్మ రోజూ వాణ్ణి కుండ ముందు నిలబెట్టి, చెంబు పట్టుకుని ఎదురు చూసేది. వాడు ఏడ్చేవాడు. అప్పుడు ఇచ్చేది. కొన్ని నెలలకు అదీ మానేసింది.

మళ్లీ పండగొచ్చింది. మస్తాన్‌బీ వచ్చి పిలిచింది.

"ఇచ్చేసినా గదా మస్తానూ. మళ్లా యా మొగం పెట్టుకోని అడిగేది? నేనే తొందరపడినా," అంది అమ్మ.

నాయన పశువుల దగ్గర నిలబడి అంతా విన్నాడు. మర్నాడు పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని బస్సెక్కాడు. అంతకుముందు ఎప్పుడూ ఆయన ఆ పండగకు వెళ్లలేదు. మధ్యాహ్నానికి తువ్వాలు కొంగున ముడితో తిరిగొచ్చాడు.

"మాటల రొట్టేనా?" అంది అమ్మ.

"కాదు. ఓపిక రొట్టె ఉండాదా అని అడిగినా. అట్లాంటిది ఎవురి కాడా లేదంట." ముడి విప్పాడు. "ఆరోగ్యం రొట్టె తెచ్చినా. నీకే."

"నీళ్లలోనే తినాల గదా..."

"నువ్వు రాకపోతివి."

అమ్మ ఆ ముక్కను రెండు చేసి సగం ఆయనకు పెట్టింది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని తిన్నారు. పెంచలయ్య పక్కనే గింజలు పేర్చుకుంటున్నాడు. వాళ్లిద్దరూ ఒకేసారి కూర్చుని తినడం నేను చూసింది ఆ రోజే...

ఇప్పుడు దానికి ఆటిజం అని పేరుంది. మా పక్కింటి పిల్లవాడికి నేర్పడానికి టీచరు ఇంటికే వస్తుంది. చప్పుళ్లు వినపడకుండా చెవులకు పెట్టుకునేవి కూడా కొన్నారు. పెంచలయ్యకు నాయన భుజం ఉండేది, అంతే. వాడికి మరో మాట రాలేదు.

మీ వీధిలోనూ అలాంటి పిల్లలు ఉండే ఉంటారు... వాళ్ల అమ్మానాన్నలు ఎప్పుడు కూర్చుని తినేవారో మీకేమైనా గుర్తుంటే రాయండి.