లోపలికి పోయే లారీలు

కర్దనూరులో మా చేను సగం కార్ఖానా కిందికి పోయినప్పుడు నాయిన ఏడవలేదు. మిగిలిన సగంలో బావి ఉంది కదా అని తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు. పరిహారం డబ్బుతో బావి లోతు చేయించి, కరెంటు లైను రాగానే మోటారు పెట్టిద్దామని ఇంట్లో అందరం అనుకున్నాం. అప్పటిదాకా మోట కొట్టడమే. ఎడ్లు ముసలివయ్యాయి. తోలు బొక్కెన పైకి వచ్చేసరికి వాటి నోట నురగ కారేది. అవి ఆగిపోతే చేను కూడా ఆగిపోతుందని నాయినకు బాగా తెలుసు.

ఇంతకీ గోడ అవతల కార్ఖానాలో తయారయ్యేవి ఏమనుకున్నారు? బావుల మోటార్లే!

నేను సంగారెడ్డి బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఆదివారం ఆదివారం ఇంటికి వచ్చేదాన్ని. అట్లా వచ్చిన ఒక ఆదివారం నాయిన నవ్వుకుంటూ చెప్పాడు, మోటారు డబ్బులో సగం పెట్టి ఆ కార్ఖానా షేర్లు కొన్నానని. నాకు ఒళ్లు మండింది.

"ఏంది నాయినా గీ పని? ముక్కూ మొకం తెలువనోళ్ల చేతుల పైసలు పెడ్తవా?"

"తెలువనోళ్లేంది బిడ్డా? నా చేన్లనే కూసున్నరు. పొద్దున లేస్తె వాళ్ల గేటే సూస్తున్న. లైను వచ్చేదాంక పైసలు పెట్టెల పండుకొని ఏం జేస్తయి?"

ఇక నేను వచ్చేటప్పుడు పేపరు తేవాలి, షేర్ల ధరలు చదివి వినిపించాలి. మొదట్లో ధర పెరుగుతూ పోయింది. నాయిన సంతోషపడాల్సింది పోయి బిత్తరపోయాడు. "నీళ్లు పెట్టలే, కలుపు తియ్యలే. గిదెట్ల పెరిగె?" అని నన్నే అడిగాడు. "పెరిగితే మంచిదే గదా, ఊకో" అన్నాను.

ఆ తరువాత ఒక ఆదివారం పేపరు విప్పాను. బొంబాయి మార్కెట్ కుప్పకూలింది. మా షేరు ధర సగానికి సగం పడిపోయింది. తప్పు చదివానేమోనని వేలు పెట్టి మళ్లీ చదివాను. అదే అంకె. అటు చూస్తే కార్ఖానా సైరన్ ఎప్పటిలాగే మోగుతోంది, కూలీలు టిఫిన్ డబ్బాలు పట్టుకొని షిఫ్టుకు పోతున్నారు. ఎక్కడో బొంబాయిలో ఎవరో భయపడితే కర్దనూరులో మా నాయిన సొమ్ము కరిగిపోవడమేమిటి! ఇదెక్కడి అన్యాయం!

"జల్దీ అమ్మేద్దాం నాయినా, వచ్చింది చాలు."

"నువ్వు పేపరు సూస్తున్నవు, నేను గేటు సూస్తున్న. నిండు లారీలు లోపలికి పోతున్నయి బిడ్డా. పోయిన నెల కంటె ఎక్కువ పోతున్నయి. గింత మంచిగ నడుస్తుంటె అమ్ముతరా ఎవరన్న?"

మా ఇళ్లల్లో నిండు బండి వాకిట్లోకి వచ్చిందంటే ఆ ఏడు పంట పండినట్టే. అమ్మ ఎదురుపోయి ఎడ్ల కాళ్ల మీద నీళ్లు పోసేది. నాయిన కార్ఖానాను కూడా అట్లాగే చూశాడు. ధర తక్కువగా ఉన్నప్పుడే కొనాలని మిగిలిన సగం డబ్బు కూడా పెట్టేశాడు. అమ్మ మాత్రం బొంతపల్లి వీరభద్రునికి మొక్కుకుంది.

చైత్రం ఎండల్లో ఒక ఆదివారం, నేను ఉండగానే, నిండు లారీ మా చేను పక్కనే టైరు పగిలి ఆగింది. డ్రైవరు ఉత్తరాది మనిషి, నీళ్ల కోసం బావి దగ్గరికి వచ్చాడు. నాయిన చెంబుతో పోసి, లారీలో ఏం సరుకని మర్యాదగా అడిగాడు. "క్యా మాల్ హై భాయ్?"

"మోటార్ హై బాబా. సబ్ వాపస్ మాల్. జల్ జాతే హైఁ, కోయీ నహీఁ లేతా."

మోటార్లు కాలిపోతున్నాయట. కొన్నవాళ్లంతా తిప్పి పంపిస్తున్నారట. ఇన్నాళ్లూ నాయిన మురిసిపోతూ చూసిన నిండు లారీలన్నీ అవే! నాయిన చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. నీళ్లు డ్రైవరు దోసిలి దాటి కాళ్ల మీద పడుతున్నా చూసుకోలేదు.

మర్నాడే బడికి సెలవు పెట్టి కాగితాలు పట్టుకొని హైదరాబాద్ పరుగెత్తాను. షేర్ల దళారి వాటిని తిప్పి కూడా చూడలేదు. "కొనేవాడు లేడమ్మా" అన్నాడు. పేపర్లో ధర ఉంది కదయ్యా అని గొంతు పెంచాను. "ధర ఉంటది. కొనేవాడే ఉండడు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

వైశాఖంలో కార్ఖానాకు తాళం పడింది. బావిలో నీళ్లు అడుగుకు పోయాయి. గోడ అవతల టార్పాలిన్ల కింద మోటార్లు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. మా బావి గట్టు మీద నుంచే కనిపించేవి.

ఒక పొద్దున నాయిన బండి కట్టాడు. ఎక్కడికి అంటే, "షేర్లున్నయి గదా, మనం గూడ మాలికులమేనాయె. గా కాగితాలన్నీ వాళ్లకిచ్చి, ఒక్క మోటరు తెచ్చుకుంట. కాలిందైన సరే, లైను వచ్చేసరికి తీగ చుట్టిపిచ్చుకుంట" అన్నాడు. ఆపుదామనుకున్నాను. అప్పటికే బండి గేటు వైపు కదిలింది.

మధ్యాహ్నానికి బండి ఖాళీగా వచ్చింది. లోపల ఉన్నదంతా బ్యాంకుదని, అప్పులవాళ్లకు పోగా మిగిలితేనే షేర్లవాళ్లకని గేటు దగ్గర చెప్పారట. నాయిన ఎడ్లకు నీడ కూడా చూపించలేదు. బండి నుంచి విప్పి అట్లాగే మోటకు కట్టాడు. బొక్కెన సగం బురదతో పైకి వచ్చింది.

"ఇయ్యాల మనది ఎంతున్నది బిడ్డా, సదువు."

పేపరు విప్పాను. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికాను.

"లేదు నాయినా. కార్ఖానా పేరే తీసేసిండ్రు."

నాయిన బురద బొక్కెన పట్టుకొని గోడ వైపు చూశాడు. "నా చేను ఇచ్చిన. చేను పైసలు ఇచ్చిన. ఇగ ఇంకేం ఇయ్యాల్నట, బిడ్డా?"