పసుపు నీళ్లలో నానిన గడ్డి

మా పెద్దపిల్ల పోయిన ఏడేళ్లకు నేను మళ్లీ పుట్టగొడుగు ముట్టుకున్నాను.

ఉక్కు ఫ్యాక్టరీకి మా ఊరు పోయాక కూర్మన్నపాలెం దగ్గర ఇచ్చిన స్థలంలో రేకుల ఇల్లు వేసుకున్నాం. మా ఊళ్లో ఏ పుట్ట మీద లేచినవి తినాలో, ఏ గట్టు మీదివి వదిలెయ్యాలో పిల్లలకు కూడా తెలుసు. కొత్త చోట మొదటి వానకు సరుగుడు చెట్ల కింద తెల్లగా గొడుగులు లేచాయి. అచ్చం మా ఊరివే అనుకున్నాను. ఒడినిండా కోసుకొచ్చి, ఉల్లిపాయలేసి వండాను. అందరం తిన్నాం. పెద్దవాళ్లం వాంతులతో బయటపడ్డాం. ఆరేళ్ల పిల్ల మూడోనాడు పోయింది.

మా అత్త నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. తర్వాత మా ఇంట్లో పుట్టగొడుగు అన్న మాటే ఎవరూ పలకలేదు. వానాకాలం వస్తే పొద్దున్నే లేచి పెరడంతా వెతికి, మొలిచిన ప్రతి గొడుగునూ చీపురుతో కొట్టేసేదాన్ని. అవి విరుగుతుంటే పిల్ల నా వెనక నిలబడి చూస్తున్నట్టే ఉండేది. తిరిగి చూసేదాన్ని కాదు.

ఎనభైల్లో మా కాలనీలో ఆడవాళ్లకు సాయంత్రం బడి పెట్టారు. ముప్పై దాటాక పలక పట్టాను. ఒకరోజు టీచరమ్మ పాఠం బదులు ఒక కాగితం పంచింది. వరిగడ్డి మీద పుట్టగొడుగులు పెంచడం ఎలాగో అందులో ఉంది. కూడబలుక్కుని చదువుతూ ‘విత్తనం’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. వీటికి విత్తనం ఉంటుందా? ఫలానాదని తెలిసి వేస్తే అదే వస్తుందా?

“నాను ఏత్తాను,” అన్నాను. పక్కన కూర్చున్న ఆవిడ నా వంక చూసి తల దించుకుంది.

టీచరమ్మ సీసాలో విత్తనం తెచ్చిచ్చింది. ఉడికిన గింజలకు తెల్లటి బూజు పట్టినట్టుంది. పెరట్లో కొబ్బరాకుల పందిరి కింద ఇటుకలు పేర్చాను. గడ్డి కట్టలు నానబెట్టి, నీళ్లోడ్చి, అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పరిచాను. వరసల మధ్య అంచుల వెంట విత్తనం, కందిపప్పు పొడి చల్లి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పాను.

రెండు వారాలైనా ఏమీ రాలేదు. నన్ను అప్పా అని అక్క వరసతో పిలిచే టీచరమ్మ వచ్చి కాగితం ఎత్తి చూసింది.

“అప్పా, గడ్డి ఇంత పసుపచ్చగా ఉందేంటి?”

“పసుపేసినాను.”

“పసుపెందుకు?”

“ఇసం ఇరగడానికి. గడ్డి నానేసిన నీళ్లలో రెండు గుప్పెళ్లు కలిపినాను.”

ఆమె నవ్వబోయి, నా మొహం చూసి ఆపేసింది. పిల్ల సంగతి ఎవరో చెప్పే ఉంటారు. “పుట్టగొడుగూ బూజు జాతేనప్పా. పసుపు దాన్నే చంపేసింది,” అంది మెల్లగా.

ఆమె వెళ్లాక, గుమ్మంలో కూర్చున్న అత్త, “మళ్లీ ఎయ్యి,” అంది.

“పసుపు లేకుండా ఎలాగత్తా?”

“ఆ రోజు కూరలో పసుపేసే ఒండినావు కదేటే. ఇసం ఆగిందేటి?”

ఆ రోజు గురించి అత్త నోరు విప్పడం అదే మొదలు. అక్కడే, ఆ పాడైన గడ్డి పక్కన చతికిలపడ్డాను.

రెండోసారి ఉత్త నీళ్లలోనే నానబెట్టాను. పన్నెండో రోజు గడ్డి సందుల్లో బూడిదరంగులో, పిట్టగుడ్లలా లేచాయి. విచ్చుకోకముందే కోశాను. వండుతుంటే మా ఆయన గిన్నె వంక చూడకుండా డ్యూటీకి వెళ్లిపోయాడు. నేనొక్కదాన్నే తిని చూద్దామని కంచం పెట్టుకుంటే అత్త వచ్చి ఎదురుగా కూర్చుంది. ఇద్దరం తిన్నాం. మూడు రోజులు చూశాం. ఏమీ కాలేదు. ఈలోగా గడ్డి మీద మరికొన్ని లేస్తే అవీ వండాను.

అక్క పోయాక పుట్టిన మా చిన్నపిల్లకు అప్పుడే ఆరో ఏడు వచ్చింది. “నాకూ ఎట్టు మామ్మా,” అని అత్త ఒళ్లోకి ఎక్కింది.

అత్త కంచం నా ముందుకు తోసింది. “ఒండింది నువ్వు. నువ్వే ఎట్టు.”

“బయ్యమేత్తంది అత్తా.”

“నాకు లేదేటి? ఎట్టు.”

ముద్ద కలిపి పిల్ల నోట్లో పెట్టాను. నమిలి, “ఉప్పు సాల్లేదు,” అంది. ఇంకో నాలుగు ముద్దలు తిని ఆటకు పరుగెత్తింది.

నేను పనులన్నీ వదిలేసి దాని వెనకే వెళ్లాను. కుళాయి దగ్గరికి వెళ్తే కుళాయి దగ్గరికి. ఇసకలో కూర్చుంటే ఇసకలోకి. గట్టిగా దగ్గితే నా ప్రాణం పోయినంత పనయ్యేది.

“ఏటమ్మా, నా ఎనకే తిరగతన్నావు? పో!” అని పిల్లలందరి ముందూ కసిరింది. పోలేదు.

మూడు రోజులూ అంతే. మూడోనాటి సాయంత్రం అత్త బయటికొచ్చి, “ఇంక లోనికి రాయే. అది బాగానే ఉంది,” అంది.

సరేనన్నాను. కానీ ఆడుకుంటున్న పిల్లను విడిచి లేవలేకపోయాను.