కర్ర అడుగున దొరికిన పొడి

చచ్చిపోయిన మనిషికి ఇక ఎవరూ ఏ హానీ చేయలేరని మీరు అనుకుంటూ ఉండవచ్చు. నేను చేశాను. అదీ పట్టపగలు, మార్కాపురం బస్టాండు వెనక, జిగురు డబ్బా పక్కన పెట్టుకుని.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. మా ఊరి రాతిపలకలకు చెక్క చట్రాలు బిగించే పని మా నాయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన పోయాడు, ఆయన వెంటే ఆ పనీ పోయింది. నా చేతిలో ఉలి మిగిలింది, దానికి పని లేదు. మా వీధిలో ఒక మేడ మీద రెండు పూల్ బల్లలున్న ఆటగది ఉండేది. అక్కడ విరిగిన కర్రలు తెచ్చుకుని ఇంటి దగ్గరే బాగుచేయడం మొదలుపెట్టాను.

పూల్ ఆడే కర్ర లావు కొసన ఒక రబ్బరు బిళ్ళ ఉంటుంది. అది ఊడదీస్తే లోపల బరువు కోసం తొలిచిన బెజ్జం కనిపిస్తుంది. అందులో సీసం ముక్క ఉండాలి. కానీ పాత కర్రల్లో సీసం తప్ప అన్నీ ఉంటాయి. నాకు ఒకదాంట్లో చుట్టచుట్టిన ప్రేమలేఖ దొరికింది. ఇంకోదాంట్లో మనిషి పన్ను. ఎవరి పన్నో, ఏ గొడవలో ఊడిందో దేవుడికే తెలియాలి. దాంతో నాకు దురద పట్టుకుంది. పై కొస బాగుచేయమని ఇచ్చినా సరే, అడుగు విప్పి చూడకపోతే అన్నం సహించేది కాదు.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఓబయ్య పెద్దనాయన వచ్చాడు. యర్రగొండపాలెం బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి. ఎప్పుడూ దిగులుగానే ఉంటాడు. ఆరోజు ఇంకా దిగులుగా ఉన్నాడు.

"శీనా, కొసన తోలుబిళ్ళ ఊడిపోయింది. అదొక్కటే అతికించు. అడుగుపక్క మాత్రం ముట్టుకోవాకు."

"ఎందుకు పెద్దనాయనా?"

"చెప్పినాను గదరా. ముట్టుకోవాకు."

పిల్లి ముందు పాలగిన్నె పెట్టి, ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళిపోయినట్టు ఆయన వెళ్ళిపోయాడు. ఆయన వీధి మలుపు తిరిగేలోపు నేను రబ్బరు ఊడదీశాను.

లోపల దూది. దూది వెనక ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన బూడిదరంగు పొడి. మార్కాపురంలో పుట్టినవాడికి ఆ రంగు పొడి ఎక్కడ కనిపించినా పలకరాయి పొడే అనిపిస్తుంది. నాకూ అదే అనిపించింది. సీసం దొరక్క బరువుకు ఈ పొడి పోసి ఉంటారని తేల్చేశాను. సరిగ్గా అప్పుడే నా బల్ల మీద రమణ కర్ర ఉంది. రమణ సెల్‌ఫోన్లు రిపేరు చేసేవాడు. వాడి కర్రకు నిలువునా పగులు. పగుళ్లు పూడ్చాలంటే మెత్తటి పొడిని జిగురులో కలిపి కూరాలి.

ఇంతకంటే మంచి ముహూర్తం ఏముంటుంది? మా అమ్మ టీ వడకట్టే జల్లెడ తెచ్చి పొడి జల్లించాను. జిగురులో పిసికి పగులులో కూరాను. గరుకు ఉప్పుకాగితంతో రుద్దితే అద్దంలా మెరిసింది. జల్లెడ కడిగి మేకుకు తగిలించాను. సాయంత్రం అమ్మ టీ పెట్టింది. రెండు గ్లాసులు తాగాను. ఓబయ్య కర్రలో మామూలు ఇసుక పోసి మూసేశాను.

రెండు రోజుల తర్వాత ఆయన వచ్చాడు. కర్రను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల ఇసుక గరగరమంది.

"దీన్ని విప్పినావా?"

"కొంచెం పెద్దనాయనా..."

"కొంచెం విప్పేదేందిరా! లోపలిది యాడుండాది?"

"పలకపొడే గదా. పగులుకు వాడినాను. కావాలంటే బస్తెడు తెచ్చిస్తాను."

ఓబయ్య బల్ల పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"అది పొడి కాదురా. చెన్నయ్య."

చెన్నయ్య ఆయన బస్సులో కండక్టరు. ఇద్దరూ ఒకే బస్సులో తిరిగారు, దిగాక ఒకే బల్ల మీద ఆడారు. ఆ వేసవిలోనే చెన్నయ్య పోయాడు. కొడుకులు చితిబూడిద శ్రీశైలం తీసుకుపోయి కృష్ణలో కలుపుతుంటే ఓబయ్య కాస్త అడిగి తెచ్చుకున్నాడు.

"ఇంట్లో పెట్టుకుంటే మీ పెద్దమ్మ ఒప్పుకోదు. కర్రలో ఉంటే రోజూ ఆటకు వస్తాడు గదా అనుకుంటిని."

అప్పటికే కర్ర రమణకు ఇచ్చేశాను.

"రమణ కర్రలో ఉండాడు పెద్దనాయనా. ఉలితో తవ్వి తీసేస్తాను."

"వద్దు. ఒకసారి కాలినాడు. మళ్లీ నీ ఉలితో పొడిపించుకోవాల్నా?"

జల్లెడ సంగతి ఆయనకు చెప్పలేదు. మా అమ్మకు అసలే చెప్పలేదు. మీరూ చెప్పకండి.

ఇద్దరం మేడ ఎక్కాం. రమణ ఒక్కడే బంతులు పేర్చుకుంటున్నాడు. ఓబయ్య ఆ కర్ర మీది బూడిదరంగు గీతను కాసేపు చూశాడు. చెన్నయ్య సంగతి వాడికి చెప్పకుండా, "ఒక ఆట ఆడదామా అబ్బయ్యా?" అన్నాడు.

రమణ ఆట నాకు తెలుసు. బంతిని కొడితే కిటికీ అద్దం పగలాలి. ఆరోజు వాడు కొట్టిందల్లా గుంతలో పడింది. గోడకు తగిలి పడింది, పక్క బంతిని రాసుకుని పడింది, పడదనుకున్నది ఆలోచించుకుని మరీ పడింది.

"ఏమేసినావన్నా ఈ కర్రలో? బ్రహ్మాండంగా ఉండాది!" అని అరిచాడు వాడు. నేను కిటికీలోంచి వాన చూశాను.

ఓబయ్య చిత్తుగా ఓడిపోయాడు. బెంచీ మీద కూర్చుని, తన ఇసుక కర్రను మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని దగ్గరకు వెళ్లాను. ఏడుస్తూనే ఉన్నాడు, కానీ నవ్వుతున్నాడు కూడా.

"బతికినన్నాళ్లూ ఇంతే వాడు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "నాకు జోడీగా నిలబడి, ఎదుటోనికి యాడ కొట్టాల్నో చెప్పేటోడు."

ఆ తర్వాత ఓబయ్య రోజూ రమణతోనే ఆడాడు. రోజూ ఓడిపోయాడు. ఓడిపోయి, కాస్త తేలికపడిన ముఖంతో ఇంటికి పోయేవాడు. రమణకు మాత్రం తానొక గొప్ప ఆటగాడినన్న నమ్మకం ఈనాటికీ పోలేదు.

ఇక నేను మా నాయన ఉలి ముట్టుకుని ప్రమాణం చేశాను: ఎవరి కర్రలో ఏ పొడి కనిపించినా, ముందు చెప్పులు విడిచి, నమస్కారం పెట్టి, "తమరెవరండీ?" అని అడగనిదే ముట్టుకోను.