కుంకుమ పెట్టిన కార్బురేటరు

ఆ రోజుల్లో మా పేటలో ఏ కబురైనా పాలతోపాటే గుమ్మంలోకి వచ్చేది. పోయిన తాతయ్య కారును పెదనాన్న పాత ఇనుముకు అమ్మేస్తున్నాడని నాకు ముందు చెప్పిందీ పాలు పోసే అత్తే. "మీ బండి పనైపోయిందంటనే. సోమవారం పట్టుకుపోతారంట" అంది చల్లగా. నాకు ఒళ్లు మండిపోయింది. నేను బడికి వెళ్లినదాన్ని కాను. ఎక్కాలూ పద్యాలూ తాతయ్యే ఆ కారు వెనకసీట్లో కూర్చోబెట్టి నేర్పాడు (అద్దాలు దించితే వరండాలో కంటే గాలి బాగా వచ్చేది). నా బడిని తూకానికి వేస్తారా? వెళ్లి నిలదీశాను. "నాలుగడుగులేస్తే ఆగిపోతది. దాన్నేం చేసుకోమంటావే?" అన్నాడు పెదనాన్న. నా పోరు పడలేక చివరికి ఒక మాటకు దిగాడు: ఆదివారం ఆ కారులోనే సింగరాయకొండ నరసింహస్వామి దర్శనానికి వెళదాం, దారిలో ఆగకపోతే ఉంచుకుందాం, ఆగిందా, ఇచ్చేద్దాం.

వీధి చివర షెడ్డు మెకానిక్కును అందరం జెట్టు బాబాయ్ అనేవాళ్లం. శుక్రవారం వచ్చి కార్బురేటరు విప్పి, పెట్రోలుతో కడిగి, అరిగిన వాషర్లు మార్చి, పాత జెట్టు స్థానంలో కాస్త పెద్ద బెజ్జమున్న కొత్తది బిగించాడు. "ఇంజనుకు పెట్రోలు అందేది ఈ బెజ్జంలోంచే తల్లీ. నలుసు పడిందా, బండి కూలబడిపోద్ది. నమాజుకెళ్లొచ్చి మూత బిగిస్తా, దుమ్ము పడకుండా చూస్తుండు" అన్నాడు. "పడనిస్తానా బాబాయ్!" అన్నాను. పడనివ్వలేదు కూడా. మిరప కళ్లాల మీంచి వచ్చే గాలికి ఓణీ అడ్డం పట్టుకుని కూర్చున్నాను. కాకపోతే మా ఇంట్లో కొత్త వస్తువేదీ బొట్టు లేకుండా వాడకంలోకి రాదు. పైన పెడితే బాబాయ్ తుడిచేస్తాడని, లోపల పెట్రోలు నిలిచే చిన్న గిన్నె అడుగున నిండుగా కుంకుమ పెట్టాను (కుంకుమ దుమ్మెలా అవుతుంది?). హారతి కూడా వెలిగించబోతుంటే బాబాయ్ పరిగెత్తుకొచ్చాడు. "ఓ తల్లో, పెట్రోలు! ఇల్లు లేచిపోద్ది!" అని అగ్గిపెట్టె లాక్కుని, ఆ కంగారులోనే మూత బిగించేశాడు.

ఆదివారం బాబాయినీ ఎక్కించుకుని బయలుదేరాం. ఒంగోలు దాటగానే కారు ఆగింది. "ఏవయ్యా, నువ్వు బాగుచేసింది కారా, కుట్టుమిషనా?" అన్నాడు పెదనాన్న. నేను రోడ్డు మీదే విరుచుకుపడ్డాను. "బాబాయ్ పనికి వంకపెడతావా? బంకువాడు కల్తీ పోస్తే ఆయనేం చేస్తాడు?" బంకువాణ్నీ, రోడ్డు వేసినవాణ్నీ, ఇంకా మొహమైనా చూడని పాత ఇనుమువాణ్నీ వరసగా కడిగేశాను. బాబాయ్ జెట్టు ఊడదీసి, ఎండకు పట్టి చూసి, నా చేతిలో పెట్టాడు. బెజ్జంలో ఎర్రటి రవ్వ.

గబుక్కున గుప్పిట మూసేశాను.

"ఏందయ్యా అది?" అన్నాడు పెదనాన్న. "నాదే పొరపాటన్నా. నలుసు చూసుకోలేదు. నా తప్పుకి బండికెందుకు శిక్ష?" అంటూ బాబాయ్ జెట్టును నా చేతిలోంచి తీసుకుని నోటితో ఊది, గిన్నె తుడిచి బిగించాడు. ఒక్క సెల్ఫుకే అందుకుంది. కొండ దాకా, మళ్లీ ఇంటి దాకా ఎక్కడా ఆగలేదు. సోమవారం పాత ఇనుమువాడొస్తే పెదనాన్నే తిప్పి పంపాడు.

నా తప్పు ఆ రోజే స్వామి ముందు ఒప్పుకున్నాను. పెదనాన్నకు మాత్రం ఇన్నేళ్లకు, ఇదిగో, ఇక్కడే. ఇప్పటికీ కారుకు బొట్టు పెడతాను, బానెట్టు పైన మాత్రమే. మీ బండి ఎప్పుడైనా ఒక్క సెల్ఫుకే అందుకుంటే, ఒక పొగరుబోతు పిల్ల తప్పును నవ్వుతూ తన నెత్తిన వేసుకున్న మా జెట్టు బాబాయిని ఒక్కసారి తలుచుకోండి.